పేరెంట్స్ కమిటీ చైర్మన్‌కు కరదీపిక

మీ ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో పేరెంట్స్ కమిటీ ఎన్నిక అని కబురొచ్చిందా? ఇంకేమీ ఆలోచించకండి, నిలబడండి. జీతం లేదు, నిజమే. కానీ ఆగస్టు 15న జెండా పక్కన కుర్చీ ఉంది. ఎమ్మెల్యే వచ్చిన రోజు ఫొటోలో చోటుంది. ఏడాదికి రెండు మూడు శాలువాలు ఖాయం, చలికాలానికి దుప్పటి కొనే పనుండదు. మరి పని? దాన్ని తప్పించుకునే దారి చెప్పడానికే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. కర్నూలు పడమటి పల్లెల్లో ఒక హైస్కూలుకు రెండు దఫాలు చైర్మన్‌గా చేశాను. నా హయాంలో కమిటీ మీద ఒక్క ఫిర్యాదు రాలేదు. ఫిర్యాదు చేయవలసినవాళ్ళకు కమిటీ ఒకటుందని తెలియనిస్తే కదా!

ఈ కమిటీ ఎవరి కోసమో ఒకసారి గుర్తు చేసుకుందాం. తాత బడి మొహం చూడలేదు. తండ్రి మూడో తరగతిలో మానేసి గొర్రెల వెంట పోయాడు. పిల్ల మాత్రం ఎలాగో తొమ్మిదికి వచ్చింది. అలాంటి ఇళ్ళవాళ్ళకు బళ్ళో ఒక మాట ఉండాలని, చదువుకున్న తల్లిదండ్రులు వాళ్ళకు ఆసరాగా నిలబడాలని పెట్టారు. మంచి ఉద్దేశమే. దాన్ని ఎవరి నిద్రా చెడకుండా నడిపించడం ఎలాగో కింద చెబుతున్నాను. వరస తప్పకుండా పాటించండి.

1. ముందు చట్టం చదవండి.

భయపడకండి, ఒక్క పేజీ చాలు. 2009 విద్యాహక్కు చట్టంలో 21వ సెక్షన్. కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు కావాలి, వెనకబడ్డ వర్గాల పిల్లల తల్లిదండ్రులకు వాళ్ళ దామాషా ప్రకారం చోటివ్వాలి అని ఉంటుంది. చదివితే గుండె జారుతుంది. కానీ నింపాదిగా మళ్ళీ చదవండి. చట్టం పేర్లే అడిగింది. ఆ పేర్లున్న మనుషులు వచ్చి మాట్లాడాలని ఎక్కడా పట్టుబట్టలేదు. మీ ఇంటావిడ పేరు రాయించి కుర్చీలో మీరు కూర్చోండి. సర్పంచి మొగుణ్ణి సర్పంచి గారూ అని పిలిచే ఊళ్ళు మనవి, ఎవరికీ వింతగా ఉండదు.

ఎస్సీ కాలనీ నుంచి ఒకామెను తప్పక తీసుకోండి. రోజూ కూలికి పోయే ఆమెను ఏరి మరీ తీసుకోండి. సమావేశం పొద్దున పదకొండుకు పెట్టండి. ఆమె రాదు. "పిలిచాం, రాలేదు, వాళ్ళకు పిల్లల చదువు మీద ధ్యాస ఉంటే కదా" అని మీరు నిట్టూర్చవచ్చు. ఈ నిట్టూర్పు ఒకసారి అలవాటైతే పదవీకాలమంతా పనికొస్తుంది. పొరపాటున కూడా సమావేశం రాత్రి ఏడింటికి కాలనీ రామాలయం అరుగు మీద పెట్టకండి. అందరూ వస్తారు.

తెలంగాణ సోదరులకు ఒక మాట. మీ దగ్గర 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలని వేసి, మహిళా సంఘాల గ్రామ సమాఖ్య అధ్యక్షురాలికే కుర్చీ అప్పగించారు. దిగులు పడకండి. ఆమెకూ ఒక మొగుడుంటాడు.

2. మినిట్స్ పుస్తకం ఇంటికి తెచ్చుకోండి.

తరచూ సమావేశం పెట్టాలంటారు. ఏడాదివన్నీ ఒకే ఆదివారం, మధ్యాహ్నం భోజనం చేసి రాసేయవచ్చు. రెండు మూడు రంగుల పెన్నులు వాడండి, సహజంగా ఉంటుంది. భాష మాత్రం సర్కారీది కావాలి. "సభ్యులందరూ కూలంకషముగా చర్చించి ఏకగ్రీవముగా ఆమోదించడమైనది" అన్న వాక్యం ఒక్కటి వస్తే మిగతాది దానంతట అదే వస్తుంది.

సంతకాల దగ్గర కొంచెం చిక్కుంది. వెనకటి రోజుల్లో వేలిముద్రలుండేవి, ఏ బాధా లేదు. ఇప్పుడు పొదుపు సంఘాల పుణ్యమా అని తల్లులందరూ సంతకాలు నేర్చారు. మా కమిటీలో ఒకామె పుస్తకం ముందు పెడితే "సదివి ఇనిపించన్నా, ఆ పైన ఏస్తా" అనేది. అలాంటివాళ్ళు తగిలితే కోపం తెచ్చుకోకండి. పైన రాసిన కూలంకషముగా వాక్యాన్ని ఒకే గుక్కలో మూడుసార్లు చదవండి. నాలుగోసారికి ఆమే చెయ్యి చాపుతుంది.

3. స్కాలర్‌షిప్పు సంగతి గడువు చివరి రోజున చెప్పండి.

ఇది కాస్త వివరంగా రాయాలి. నా సాధన అంతా ఇక్కడే ఉంది.

కేంద్రం 2008లో ఎన్ఎంఎంఎస్ అని ఒక స్కాలర్‌షిప్పు పెట్టింది. ప్రభుత్వ బడిలో ఎనిమిదో తరగతి చదివే పిల్లలు పరీక్ష రాయాలి. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా ఏటా 12,000 రూపాయలు పిల్ల సొంత ఖాతాలో పడతాయి. నాలుగేళ్ళకు 48,000. మా పల్లెల్లో ఆ డబ్బు ఖాతాలో పడుతూ ఉన్నన్నాళ్ళు ఆడపిల్ల పెళ్ళి మాట ఎవరూ ఎత్తరు. అంత శక్తి ఉన్న వస్తువు కాబట్టే జాగ్రత్తగా పట్టుకోవాలి. ప్రైవేటు బడి పిల్లలకు ఇది రాదు, అంటే మా అబ్బాయికి రాదు. మనకు రానిదాన్ని ఊరంతా చాటే పని మనకెందుకు?

నోటీసు వస్తే హెచ్చెమ్ గదిలో తలుపు వెనక అంటించమనండి. అంటించలేదని ఎవరూ అనలేరు. ఎవరైనా పసిగట్టి వస్తే ఆదాయ ధ్రువపత్రం తెమ్మనండి. ఊరి సచివాలయానికి పోతే అక్కడ ఆధార్‌లో పేరు వేరుగా ఉందంటారు. బడి రిజిస్టరులో ఈరమ్మ, ఆధార్‌లో వీరమ్మ. ఒక్క అక్షరం! ఆ అక్షరం దిద్దించుకోవడానికి ఆదోని పోవాలి, ఒక రోజు కూలి పోతుంది, ఆ రోజు ఆధార్ సెంటరులో సర్వరు పనిచేయదు, రెండో రోజు కూలి కూడా పోతుంది. మూడో రోజు తల్లి పోదు. చూశారా, మీరు వేలు కూడా కదపలేదు. ఏ పేపరు ఎక్కడ దిద్దించాలో తెలిసిన తల్లో తండ్రో ఒకరు మోటార్ సైకిలు తీసి, పదిమంది కాగితాలు పట్టుకుని ఒక్కసారి పోయొస్తే తీరిపోయే పని అది. అందుకే అలాంటివాళ్ళకు కమిటీలో చోటివ్వకూడదు.

ఇంత చేసినా మొండి పిల్లలు కొందరు పరీక్ష పాసవుతారు. కంగారు వద్దు. ఏటా పోర్టల్‌లో రెన్యువల్ చేయాలని ఒక నిబంధన ఉంది. అది మన పాలిట వరం. మీరు చేయవలసిందల్లా గుర్తు చేయకపోవడం. మా బళ్ళో ఒక పిల్లకు మొదటి ఏడు డబ్బు పడింది, రెండో ఏడు పడలేదు. వాళ్ళమ్మ వచ్చి అడిగితే "పైనుంచే ఆగింది" అన్నాను. పైన అంటే ఎక్కడ అని ఆమె అడగలేదు. ఈ మాట జేబులో పెట్టుకోండి, చెల్లని చోటు లేదు.

పది అయ్యాక ట్రిపుల్ ఐటీలున్నాయి. నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం. ప్రవేశ పరీక్ష లేదు, పదో తరగతి మార్కులే చూస్తారు. హాస్టలు లేని సర్కారు బళ్ళో చదివినవాళ్ళకు 4 శాతం అదనంగా కలుపుతారు కూడా. ఈ సంగతి బయటపడితే వేసవిలో పిల్లలంతా ఫారాలు పట్టుకుని మీ గడప ముందు నిలబడతారు. ఎండాకాలం కమిటీకీ సెలవులేనని ముందే చెప్పి పెట్టండి.

4. సుగ్గికి పోయేవాళ్ళను నవ్వుతూ సాగనంపండి.

కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు ఊళ్ళకు ఈ కూలి వలస ఏటా ఉండేదే. వాన మొండిచెయ్యి చూపిన ఏడు మరీ ఎక్కువ. గుంటూరు వైపు మిరప కోతలకు లారీలు వస్తాయి. చంకన పిల్లను, నెత్తిన బియ్యం మూటను పెట్టుకుని, ఇంటికి తాళమేసి, ముసలమ్మను అరుగు మీద వదిలి పోతారు. పద్నాలుగేళ్ళ పిల్లలు పెద్దవాళ్ళతో సమానంగా కాయ కోస్తారు. ఎంత కోస్తే అంత కూలి కాబట్టి ఇంకో రెండు చేతులుంటే మంచిదే కదా అంటుంది తల్లి. కోతలు ముమ్మరంగా సాగేది ఫిబ్రవరి, మార్చిలో. పదో తరగతి పబ్లిక్ పరీక్షలూ మార్చిలోనే. ఎవరు కుదిర్చారోగాని చక్కగా కుదిరింది.

దీనికి మందు లేకపోలేదు. సీజనల్ హాస్టళ్ళని ఉన్నాయి. తల్లిదండ్రులు తిరిగొచ్చేదాకా పిల్లల్ని ఊళ్ళోనే ఉంచి, తిండి పెట్టి చదివిస్తారు. అయితే ఎంతమంది పోతున్నారో ముందుగా లెక్క రాసి మండల విద్యాధికారికి పంపాలి. లెక్క రాయాలంటే గేరి గేరీ తిరగాలి. ఎండ. దుమ్ము. కుక్కలు. నా సలహా ఒక్కటే, లారీ కదిలాక రాయండి. అప్పుడు ఎవర్నీ అడిగే పనుండదు, తాళాలు లెక్కపెట్టుకుంటే చాలు.

పోయినవాళ్ళలో పదో తరగతి పిల్లలుంటే మీ అదృష్టం పండినట్టే. పరీక్ష ఫీజు 125 రూపాయలు. గడువు దాటితే 50 ఆలస్య రుసుముతో ఇంకో గడువు, 200తో ఇంకోటి, 500తో ఆఖరిది. ఇన్ని గడువులున్నాయని చెప్పకండి. ఫీజు కట్టనివాళ్ళు పరీక్షకు రారు, రానివాళ్ళు తప్పరు, తప్పినవాళ్ళు లేకపోతే బడికి నూటికి నూరు. ఫ్లెక్సీ కొట్టించండి. మధ్యలో మీ ఫొటో, చుట్టూ పాసైన పిల్లల ఫొటోలు చిన్నవి, తపాలా బిళ్ళంత.

మా బళ్ళో ఒక లెక్కల అయ్యవారు ఉండేవారు. గుంటూరు జిల్లాలో ఏ ఊరి పొలంలో ఉన్నారో కనుక్కుని, మేస్త్రీకి ఫోన్లు చేసి, తన డబ్బుతో బస్సు చార్జీ పంపి ఇద్దర్ని వెనక్కి రప్పించారు. ఒక కుర్రవాణ్ణి నెలరోజులు తన గదిలోనే పడుకోబెట్టుకున్నారు. ఇద్దరూ పాసయ్యారు. ఇలాంటివాళ్ళ వల్ల వచ్చే చిక్కేమిటంటే, ఇది చేయదగ్గ పనేనని ఊరికి తెలిసిపోతుంది. బదిలీల కాలం రాగానే ఆయనకు ఘనంగా వీడ్కోలు సభ పెట్టాం. శాలువా నేనే కప్పాను.

5. ఊరికే చదువు చెబుతామని వచ్చేవాళ్ళను సన్మానంతో చంపండి.

ప్రతి ఊళ్ళోనూ ఒక కోడలో, ఒక రిటైరైన పోస్టుమాస్టరో ఉంటారు. "సాయంత్రం ఓ గంట కాలనీ పిల్లలకు ఇంగ్లీషు చెబుతాను, ఒక గది ఇప్పించండి చాలు" అంటారు. కాదనకండి. కాదంటే పట్టుదల పెరుగుతుంది. ఎగిరి గంతేసినట్టు నటించండి. వెంటనే వాట్సాప్ గ్రూపు పెట్టండి. ప్రారంభోత్సవానికి ఎమ్మెల్యే తేదీ కోసం ఆగుదామనండి. ఈలోపు గదికి అనుమతి కోసం ఎం.ఈ.ఓ.కు ఒక లేఖ, కరెంటు బిల్లు ఎవరు కట్టాలనే దాని మీద ఒక ఉపసంఘం, రాత్రి వాచ్‌మన్ తాళం ఎవరికివ్వాలనే దాని మీద ఇంకో ఉపసంఘం. గ్రూపులో రోజూ గుడ్ మార్నింగ్ పువ్వులు, దేవుడి బొమ్మలు పెట్టండి. నెల తిరిగేసరికి ఆ కోడలు గ్రూపులోంచి వెళ్ళిపోతుంది. "ఈ కాలం వాళ్ళకు ఓపిక తక్కువ" అని మీరు అందులోనే రాయవచ్చు.

ఆమె మరీ గట్టిదై చెట్టు కింద మొదలుపెట్టేస్తే, "ఆ కాలనీ పిల్లలతో మా పిల్లలు కలిసి కూర్చోవాలా" అన్న మాట మీ నోట రాకూడదు. అది అనడానికి ఊళ్ళో వేరేవాళ్ళుంటారు. వాళ్ళింటి ముందు కాసేపు టీ తాగి రండి, చాలు.

6. భోజనం రుచి చూడండి, ఇంట్లో.

మధ్యాహ్న భోజనం రుచి చూసి రిజిస్టరులో సంతకం పెట్టాలంటారు. రుచి చూడకుండా బాగుందని రాయడంలో పాపం లేదు, బాగుండాలనే కదా మన కోరిక.

7. మరుగుదొడ్డి తాళం మీ దగ్గరే ఉంచుకోండి.

కట్టారు, టైల్స్ వేశారు, రంగులేశారు. వాడితే పాడవుతాయి. అధికారులు వచ్చినప్పుడు తళతళ మెరవాలంటే మధ్యలో ఎవరూ వాడకూడదు. పెద్దమనిషైన ఆడపిల్లలు నెలకు నాలుగు రోజులు బడి మానేస్తారు, మాననివ్వండి. ఆ నాలుగు రోజులకు ఇల్లు శుభ్రంగా ఉంటుంది. తల్లికి వందనం పథకంలో ఒక్కో పిల్లకు 15,000 అని, తల్లి ఖాతాలో 13,000 వేసి, మిగతా 2,000 బడి, మరుగుదొడ్ల నిర్వహణకని పక్కన పెడతారు. ఆ రెండు వేలూ తమ బిడ్డవేనని, లెక్క అడిగే హక్కుందని ఏ తల్లికైనా తట్టిందా? మా ఊళ్ళో తట్టలేదు. మీ ఊళ్ళో తడితే ఏం చెప్పాలో ఇందాకే నేర్పాను. పైనుంచే ఆగింది.

8. పెళ్ళి పత్రిక వస్తే భోజనానికి వెళ్ళండి.

తొమ్మిదో తరగతి పిల్ల వారం రోజులుగా బడికి రాలేదు. హెచ్చెమ్ అడుగుతున్నారు. పిల్లను మేనత్త కొడుక్కి ఇస్తున్నారని మీకు తెలుసు, పత్రిక మీ బీరువా మీదే ఉంది. 1098కి ఫోను చేస్తే నిమిషం పని. చేసినవాడి పేరు బయటపెట్టరు కూడా. కస్తూర్బా విద్యాలయాలున్నాయి, బడి మానేసిన ఆడపిల్లల కోసమే పెట్టారు, తిండీ బట్టా చదువూ అక్కడే. ఇవన్నీ తెలిసినవాడు కమిటీలో మీరొక్కరే. అందుకే మీ మౌనానికి విలువ. పిల్ల తండ్రి ఇంట్లో మీకు ఏడు ఓట్లున్నాయి. పెళ్ళికి వెళ్ళండి, నూటపదహార్లు చదివించండి, పాయసం రెండోసారి అడగండి. మర్నాడు హెచ్చెమ్‌తో "ఊరు వదిలి పోయారట సార్" అనండి. రిజిస్టరులో ఆ పేరు ఎదుట ఎర్ర గీత పడుతుంది. నేను ఇలా మూడు గీతలు చూశాను. రెండో పిల్ల ఎన్ఎంఎంఎస్ పాసైన పిల్లే, రెండో ఏడు డబ్బు పడలేదని చెప్పానే, ఆ పిల్ల.

9. మెగా పేరెంట్స్ మీటింగు నాడు మాత్రం పనిచేయండి.

2024 డిసెంబరు 7న రాష్ట్రంలోని సర్కారు బళ్ళన్నిట్లో ఒకేరోజు జరిపారు. ముఖ్యమంత్రి బాపట్ల మున్సిపల్ హైస్కూల్లో కూర్చుని తల్లిదండ్రులతో మాట్లాడారు. ఆ రోజు ప్రోగ్రెస్ కార్డులు తల్లుల చేతికిస్తారు, అయ్యవార్లతో ముఖాముఖి మాట్లాడిస్తారు. ఎక్కడైనా ఒక తల్లి "మా పాపకు లెక్కలు ఎందుకు రావడం లేదు సార్" అని నోరు తెరిచే ప్రమాదముంది. ఆ క్షణాన మైకు మీ చేతిలో ఉండాలి. "ఇప్పుడు ముగ్గుల పోటీ" అనండి. తరవాత తాడు లాగే పోటీ. తరవాత భోజనాలు. తల్లులు నవ్వుతూ ఇంటికి పోతారు, కార్డు బియ్యం డబ్బాలో పెడతారు.

10. మీ పిల్లవాణ్ణి ఆ బళ్ళో ఉంచకండి.

ఇన్ని చేశాక ఆ బడి ఎలా ఉంటుందో మీకంటే బాగా తెలిసినవాడెవడు? మా అబ్బాయిని రెండో దఫా మొదట్లోనే పట్నంలో ప్రైవేటు బళ్ళో వేశాను. పసుపు బస్సు ఇంటి ముందుకే వస్తుంది. బళ్ళో పిల్లలు లేనివాళ్ళు కమిటీలో ఉండకూడదని ఎవరైనా గొణిగితే, చట్టంలో తల్లిదండ్రులు లేదా సంరక్షకులు అని ఉన్న చోట వేలు పెట్టి చూపించండి. మా తమ్ముడి కూతురు ఆరో తరగతి అక్కడే చదువుతోంది. తమ్ముడూ మరదలూ సుగ్గికి పోయారు కాబట్టి ప్రస్తుతం ఆ పిల్లకు సంరక్షకుణ్ణి నేనే. పిల్ల కూడా వాళ్ళతోనే పోయిందనుకోండి, అది వేరే విషయం.

ఆ పిల్ల పేరు మీద ఈసారి కూడా చైర్మన్‌గా నిలబడుతున్నాను. ఎన్నిక పొద్దున పదకొండుకు. పనులు మానుకుని ఎవరూ రావద్దు. మీ సంతకాలు ఎలా ఉంటాయో నాకు తెలుసు.